పిన్ను లేని సీటు

ఢిల్లీలో పృథ్వీరాజ్ నడపని విమానం లేదు. ఆ ఆదివారం తెలుగు సంఘం ఆడవాళ్ళు మ్యూజియంలో అడుగు పెట్టగానే ఆ మాట అతనే చెప్పాడు.

"అచ్ఛా? ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు ఎక్కితేనే నీకు కళ్ళు తిరుగుతాయని మొన్న మీ అమ్మే చెప్పిందిగా!" అంది మాణిక్యాంబ. ఆర్.కె. పురం క్వార్టర్లలో పృథ్వీరాజ్ వాళ్ళ పై వాటా ఆవిడది.

అందరూ గొల్లుమన్నారు. పృథ్వీరాజ్ మొహంలో చిన్న కదలికైనా లేదు. "అది రైలు ఆంటీ. నేల మీద పోయేవి నాకు అలవాటు లేదు."

మ్యూజియం అంటే ఫ్లయింగ్ క్లబ్బు పక్కనున్న పాత షెడ్డు, అందులో ఎగరడం మానేసిన నాలుగైదు విమానాలు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా పృథ్వీరాజ్ అక్కడ టికెట్లు చించుతూ కథలు చెబుతున్నాడు. షెడ్డుకి కొత్తగా చేరిన పాత ఫైటర్ విమానమంటే అతనికి మరీ ముద్దు. ప్రమాదం వస్తే, సీటు ముందున్న రింగు లాగగానే కింద పేలుడు మందు పేలి పైలట్‌ని బయటికి విసిరేస్తుంది. పొరపాటున పేలకుండా, ఆ రింగుకి ఎర్ర రిబ్బనున్న పిన్ను గుచ్చి ఉంచుతారు. రిబ్బను బాగుందని పొద్దున్నే ఆ పిన్ను పీకి తన బజాజ్ స్కూటర్ తాళానికి తగిలించుకున్నాడు. పాత విమానాల్లో మందు ఎందుకుంటుందని అతని ధీమా.

"ఎక్కండి ఆంటీ, మీవాళ్ళు ఫోటో తీస్తారు. ఇది పేలిందంటే కుతుబ్ మీనార్ మీద కాలు పెట్టి, దిగుతూ కరోల్ బాగ్‌లో చీరలు కొనుక్కుని రావచ్చు."

మాణిక్యాంబ నిచ్చెనెక్కి లోపల సర్దుకు కూర్చుంది. పులిహోర డబ్బా ఉన్న చేతిసంచిని, డీటీసీ బస్సులో ముందు సీటు కమ్మీకి తగిలించినట్టే, మోకాళ్ళ మధ్యనున్న పసుపు నలుపు చారల రింగుకి తగిలించింది.

అప్పుడే మేనేజర్ రంగనాథ్ టీ గ్లాసుతో వచ్చాడు. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చిన మనిషి. తల ఎత్తి చూశాడు. గ్లాసు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు.

"అమ్మా, కదలకండి. పృథ్వీ, దీని మందు తీసేవాళ్ళు రేపొస్తారని చెప్పానా లేదా?"

చెప్పాడు. అప్పుడు పృథ్వీరాజ్ ఎవరికో తాను హిమాలయాల మీద ఇంజను ఆపి ఎగిరిన సంగతి వివరిస్తున్నాడు.

"సంచి తీసుకుని దిగిపోతానండీ," అంటూ మాణిక్యాంబ చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దు!"

ఆ కేకకి ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రంగనాథ్ మిగతా ఆడవాళ్ళని బయటికి పంపి నిచ్చెనెక్కాడు. "రింగుకి పిన్ను లేదు. కింద పడి ఉంటుంది. వెతుకుతా," అని బోర్లా వంగి సీటు కిందికి చెయ్యి పెట్టాడు.

పృథ్వీరాజ్ జేబులో తాళం నిప్పు కణికలా ఉంది. చెబితే పని పోతుంది, నాన్న ఇంట్లోకి రానివ్వడు. చెప్పకపోతే రంగనాథ్ చెయ్యి ఇంకా లోపలికి, మందు దగ్గరికి పోతుంది.

"ఒరేయ్ పృథ్వీ," అంది మాణిక్యాంబ. "ఇవన్నీ నీకు తెలుసుగా నాయనా. ఆయనకి కాస్త సాయం చెయ్యరా."

పృథ్వీరాజ్ గబగబా నిచ్చెన అవతలి పక్కనుంచి రెక్క మీదికెక్కాడు. కళ్ళు తిరిగాయి. వంగి లేచాడు. "సార్! దొరికింది. రెక్క మీదే పడి ఉంది."

రంగనాథ్ వెనక్కి చూడకుండా చెయ్యి చాపి అందుకున్నాడు. రింగు పక్క కన్నంలోకి పిన్ను నెట్టాడు. అది లోపలికి దిగాక, సంచి పట్టీని రెండు వేళ్ళతో పక్కకి జరిపి రింగు నుంచి తప్పించాడు. అప్పుడే చూశాడు. పిన్ను కింద ఎర్ర రిబ్బనూ, దాని కింద స్కూటర్ తాళమూ ఊగుతున్నాయి.

"ఫైటర్‌కి బజాజ్ తాళం ఎక్కడ పెడతారు పృథ్వీ?"

పృథ్వీరాజ్ నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ ఓ కథ నాలిక చివరిదాకా వచ్చింది. మాణిక్యాంబ ఇంకా సీటుని రెండు చేతులా పట్టుకునే ఉంది. వేళ్ళు తెల్లబడిపోయాయి.

"నేనే తీశాను సార్, పొద్దున. రిబ్బను బాగుందని. మందు లేదనుకున్నాను. ఆంటీ ఎక్కేటప్పుడు కూడా పిన్ను సంగతి గుర్తొచ్చింది, అందరూ నవ్వుతున్నారు కదా అని ఊరుకున్నాను." అతను రెక్క మీదే కూలబడ్డాడు. "రెక్క మీద ఏమీ దొరకలేదు సార్. మీరు వెతుకుతున్నంతసేపూ నా జేబులోనే ఉంది."