వంతెన మీద నడిచేవాళ్లు

పిండి ముద్దలు పేర్చిన పలక నెత్తిన పెట్టుకుని, పైన గుడ్డ కప్పి, వంతెన గోడకు భుజం రాసుకుంటూ నడవాలి. లారీ వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఆగాలి. కాసాబ్లాంకా శివారులో మా ఇళ్లు ఇవతల. మేం కలిపి తెచ్చిన పిండిని రొట్టెలుగా కాల్చిచ్చే బట్టీ, బడి, మందుల షాపు అవతల. మధ్యలోంచి పెద్ద రహదారి పోయింది. రెండు పక్కల్నీ కలపడానికి వంతెన కట్టారు. కార్ల కోసం కట్టారు, కాలిబాట లేదు. ఆ మాట ఇంట్లో అంటే మా అత్త నవ్వింది. "మా కాలంలో వాగులో దిగి పోయేవాళ్లమే తల్లీ. మీకు వంతెన కట్టినా ఏడుపేనా?"

వంతెన కట్టకముందు, ఇంకా మట్టిదారి ఉన్న రోజుల్లో, సర్వే మనిషి కాగితాలు పట్టుకుని వచ్చాడు. ముందుగదిలో మా ఆయన బూషాయిబ్ పక్కన కూర్చుని, "రోజూ బయటికి వెళ్లొచ్చేవాళ్లు ఎంతమంది?" అని అడిగాడు. "నేనొక్కణ్ణే, కారులో," అన్నాడు ఈయన. "మరి ఆడవాళ్లు?" "ఇంట్లోనే ఉంటారు." నేను వంటింట్లో వాళ్ల కోసం పుదీనా టీ వంచుతున్నాను. పొద్దున పాపను బడిలో దింపాను, అత్తకు మందులు తెచ్చాను, అప్పుడే బట్టీ నుంచి వచ్చాను, మళ్లీ పాప కోసం వెళ్లాలి. అయినా ఆయన మాట నాకు అబద్ధంగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండేది అందుకే. పరువుగల ఇంటి ఆడది ఇంట్లో ఉంటుందని చెప్పాలి. వీధి వీధంతా అదే చెప్పింది. వంతెన తెరిచాక మేం నలుగురం ఆడవాళ్లం పోయి కాలిబాట ఏదని అడిగితే ఇంజనీరు కాగితం తిరగేశాడు. "నడిచేవాళ్లు లేరని మీవాళ్లే రాయించారు కదమ్మా," అన్నాడు. పక్కింటి మహ్‌జూబా పకపకా నవ్వింది. "అయితే మనం దెయ్యాలమన్నమాట, యామ్నా," అంది నాతో.

పోయిన మంగళవారం ఆ మహ్‌జూబానే వ్యాను గుద్దింది. నాకు నాలుగడుగుల ముందు, గోడకు రాసుకుంటూనే నడుస్తోంది. పలక ఎగిరిపడింది, పిండి ముద్దలు తారుకు అంటుకుపోయాయి. నా ఒళ్లోనే ప్రాణం పోయింది. ఇంటికొచ్చి చెబితే బూషాయిబ్ తలుపు మూశాడు. "నువ్వేం చూడలేదు. ఇంట్లోనే ఉన్నావు. పోలీసుల ముందు నిలబడి సాక్ష్యం చెప్పే ఆడదాన్ని నేనేలుకోను," అన్నాడు. ఐదు రోజులు నోరు మూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతూ మూసుకున్నాను.

ఈరోజు వీధంతా విచారిస్తూ పోలీసు అధికారి మా ఇంటికీ వచ్చాడు. వెంట మహ్‌జూబా భర్త ఇద్రీస్ ఉన్నాడు. "ఆవిడ ఉన్నట్టుండి రోడ్డు మీదికి దూకిందంటున్నాడు డ్రైవరు. ఎక్కడికి వెళ్తోంది?" అని ఆయన్ని అడిగాడు అధికారి. ఇద్రీస్ తల వంచుకున్నాడు. "ఏమో సార్. మా ఆవిడ ఎక్కడికీ వెళ్లదు." పన్నెండేళ్లు తిన్న రొట్టె ఎక్కడ కాలిందో ఆ మనిషికి తెలియదా? "చూసినవాళ్లు లేకపోతే డ్రైవరు చెప్పిందే రాసి మూసేస్తాను," అన్నాడు అధికారి. మూసేస్తే మహ్‌జూబా తన చావు తానే కొనితెచ్చుకున్నట్టు. ఇక కాలిబాట ఊసే ఉండదు. రేపు నా కూతురు అదే గోడ పక్కన నడుస్తుంది.

నేను టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. "మీ ఆవిడేమైనా చూసిందా?" అని అధికారి మా ఆయన్ని అడిగాడు. నన్ను కాదు.

"లేదు సార్. ఆ రోజు ఇంట్లోనే ఉంది," అన్నాడు బూషాయిబ్, నావైపు చూడకుండా.

పళ్లెం బల్ల మీద పెట్టాను. అధికారి వైపు తిరిగాను.

"ఆ రోజు నేను ఇంట్లో లేనండీ. అసలు ఏ రోజూ ఉండను. ముందు అది రాసుకోండి."