విప్పని కట్టు

వేములపల్లి కాటయ్య కట్టు కట్టాడంటే ఇక ఆ ఎముక గురించి ఎవరూ బెంగపెట్టుకునేవారు కాదు. తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లు, ఎద్దు తన్నినవాళ్లు, బండి చక్రం కింద కాలు పడ్డవాళ్లు, అందరూ ఆయన గడప తొక్కినవాళ్లే. యాభై దాటిన మనిషి. వేళ్లు పొట్టిగా, మొద్దుగా ఉండేవి. వాచిన చర్మం మీద ఆ వేళ్లు ఆడిస్తూ కళ్లు మూసుకున్నాడంటే, లోపల ఎముక ఎక్కడ విరిగిందో, ఏ పక్కకు జరిగిందో చెప్పేసేవాడు. తండ్రి దగ్గర నేర్చిన విద్య. తండ్రి చెప్పిన నియమం కూడా ఒకటే: కట్టు బిగువుగా ఉండాలి, తొమ్మిది రోజులు విప్పకూడదు.

పోలీసు చర్య అయిన మరుసటేడు, యాసంగి కోతలు ముగిశాక, మాడుగులపల్లిలో చెడుగుడు పోటీ పెట్టారు. అంతకు ముందు రెండేళ్లు ఆ ఊళ్లలో ఆటా లేదు, పాటా లేదు. పొద్దు గూకకముందే తలుపులు బిగించుకుని, బయట అడుగుల చప్పుడైతే ఊపిరి బిగబట్టి బతికిన కాలం అది. అందుకే ఆ రోజు ముసలివాళ్లు కూడా కర్రలు పోటేసుకుంటూ వచ్చారు. కోసిన మడిలో కొయ్యకాళ్లు చదును చేసి, మీద ఇసుక పోసి, సున్నంతో గీతలు గీశారు.

వేములపల్లి జట్టులో కూతకు పోవడంలో హేమ్లాను మించినవాడు లేడు. ఊరికి దగ్గరి తండా పిల్లవాడు. ఇరవై ఏళ్లుంటాయి. తండ్రి ఫకీరా పోయి నాలుగేళ్లయింది. తల్లి రంగికి వాడొక్కడే. చిన్నప్పుడు గేదె మీంచి పడి భుజం జారితే కాటయ్యే సరిచేశాడు. అప్పటి నుంచి వాడు దారిలో ఎదురైతే చెయ్యెత్తి గిర్రున తిప్పి, "సూడు తాతా, నీ భుజం" అని నవ్వేవాడు. కొడుకుల్లేని కాటయ్యకు ఆ పిలుపు ఎంతో ముచ్చటగా ఉండేది.

ఆట చివర్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. హేమ్లా కూతకు పోయాడు. ఒకణ్ని తాకి వెనక్కి తిరుగుతుండగా ముగ్గురు ఒక్కసారిగా వాడి కాళ్ల మీద పడ్డారు. వాడు కూత ఆపకుండా గీత వైపు చెయ్యి చాచాడు. వేలికొసలు గీతకు తగిలాయి. జనం కేకలు వేశారు. ఆ కేకల మధ్య కాటయ్యకు ఒక్కడికే ఎండుకట్టె విరిగినట్టు చిన్న చప్పుడు వినపడింది.

మోకాలికీ చీలమండకూ మధ్య రెండు ఎముకలూ విరిగాయి. చర్మం తెగలేదు. కాటయ్య అక్కడే ఇసుకలో కూర్చుని, ఇద్దరి చేత వాణ్ని పట్టించి, కాలు లాగి ఎముకలు కూర్చోబెట్టాడు. మినప పిండి, కోడిగుడ్డు సొన కలిపి పట్టు వేసి, నాలుగు వైపులా వెదురు బద్దలు పెట్టి, గుడ్డ పేలికలతో బలమంతా పెట్టి బిగించాడు. హేమ్లా పళ్లు కరుచుకుని, "గెలిసినం గదా తాతా?" అన్నాడు.

"గెలిసినంరా బిడ్డా. కదలకు."

మూడో రోజు పొద్దున రంగి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతి గాజులు మోచేతుల దాకా ఎక్కించుకుని, వాకిట్లోనే నిలబడిపోయింది.

"కాటన్నా, పోరడు నొప్పికి ఓర్సుకుంటలేడు. కాలి వేళ్లు వాసినయ్. ముట్టుకుంటే సల్లగ తగులుతున్నయ్. జర వచ్చి కట్టు వదులు సెయ్యి."

కాటయ్య బద్దలు చెక్కుకుంటున్నాడు. ఆ మాటకు ఆయనకు కొంచెం కోపం వచ్చింది. ముప్పై ఏళ్లలో కట్టు వదులు చేయమని అడిగినవాళ్లు బోలెడుమంది. చేసి ఉంటే ఎన్ని కాళ్లు వంకరపోయేవో!

"నొప్పి ఉంటేనే ఎముక అతుక్కుంటున్నట్టు రంగీ. తల్లివి గనుక నీకు గట్లనే ఉంటది. తొమ్మిది దినాలు. చెయ్యి పెట్టకు. పెట్టినవో, పోరడు జన్మంత కుంటుతడు."

"ఒక్కపారి సూసి పోరాదు?"

"సూసేది ఏముంది? కట్టింది నేను గాదా?"

ఆమె వెళ్లిపోయింది. లోపల వింటున్న కాటయ్య భార్య సత్తమ్మ బయటికి వచ్చి, "పోయి సూసొస్తె నీ సొమ్మేం పోతది?" అంది. ఆయన ఇంకో బద్ద అందుకున్నాడు.

ఐదో రోజు తండా నుంచి మంచి కబురు వచ్చింది. హేమ్లాకు నొప్పి పూర్తిగా పోయిందట, వాడు హాయిగా పడుకున్నాడట. "సూసినవా?" అన్నాడు కాటయ్య భార్యతో. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఏడో రోజు దారిన పోయే గొర్రెలకాపరి చెప్పాడు, హేమ్లా గుడిసెలో ఏదో వాసన వస్తోందని. కాటయ్య లేచి తండాకు నడిచాడు. నడక కాస్తా పరుగయింది. గుడిసె గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ వాసన ఏమిటో ఆయనకు తెలిసిపోయింది. కట్టు కింద కనిపిస్తున్న వేళ్లు బొగ్గుల్లా ఉన్నాయి. హేమ్లా ఒళ్లు కాలిపోతోంది. కళ్లు తెరిచి, "తాతా, నొప్పి లేదు," అన్నాడు.

మిర్యాలగూడలో ఆ ఏడే ఒక దవాఖాన పెట్టారు. ఊరివాళ్లే రాయీ సున్నమూ మోసి, పాత వడ్ల గోదామును బాగుచేసి, పన్నెండు మంచాలు వేశారు. కోదాడ దిక్కు నుంచి శేషగిరి అనే డాక్టరు వచ్చాడు. ఆయనకు తోడు పద్మమ్మ అనే నర్సమ్మ ఒక్కతే. కాటయ్య అంతవరకు ఆ గడప తొక్కలేదు. ఆ రోజు ఎద్దులను తనే అదిలిస్తూ, ఎండలో నాలుగు కోసుల దూరం బండి తోలుకుపోయాడు. దారి పొడుగునా రంగి కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, పైటతో ఎండ కాస్తూ కూర్చుంది.

డాక్టరు కత్తెరతో కట్టు కోశాడు. పిక్క దాకా నల్లబడింది. ఆయన కాలి మీద వేళ్లు పెట్టి చాలాసేపు చూసి, రంగి వైపు తిరిగాడు.

"అమ్మా, కాలు పోయింది. మోకాలి పైన తీసెయ్యాలి. తీస్తే బతుకుతాడని గట్టిగా చెప్పలేను. తీయకపోతే మాత్రం బతకడు."

రంగి కొడుకు మొహంలోకి చూసి తల ఊపింది. వేలిముద్ర వేయమంటే వేసింది.

మధ్యాహ్నం కాలు తీసేశారు. అయ్యాక డాక్టరు చేతులు కడుక్కుంటూ బయటికి వస్తే, కాటయ్య అరుగు కింద మట్టిలో కూర్చుని ఉన్నాడు.

"సారూ, నన్ను పోలీసులకు పట్టియ్యిన్రి."

"నువ్వేనా కట్టింది?" డాక్టరు ఆయన చేతుల వంక చూశాడు. "ఎముక చక్కగా కూర్చోబెట్టావయ్యా. నేనైనా అంతకంటే బాగా పెట్టలేను. కానీ విరిగిన కాలు వాస్తుంది. కట్టు లోపల వాపుకు చోటు లేక నెత్తురు నడవడం ఆగిపోయింది. మూడో రోజు వదులు చేసి ఉంటే ఈ కాలు దక్కేది."

తిట్టి ఉంటే కాటయ్య తట్టుకునేవాడు. కొట్టినా ఓర్చుకునేవాడు. ఎముక చక్కగా కూర్చోబెట్టావన్న మాట గుండెలో దిగబడిపోయింది. మూడో రోజు పొద్దున ఆమె వాకిట్లో నిలబడింది. తను బద్దలు చెక్కుకుంటూ కూర్చున్నాడు.

నాలుగు రోజులు ఆయన ఆ మంచం పక్కనే ఉండి విసనకర్ర విసిరాడు. రంగి పొమ్మనలేదు, ఉండమనలేదు. సూర్యాపేటకు మనిషిని పంపి తెప్పించిన సూదిమందు రెండు సీసాలే దొరికింది. ఒకసారి హేమ్లాకు తెలివి వచ్చి, దుప్పటి కింద చెయ్యి పెట్టి వెతుక్కున్నాడు. వెతికి వెతికి ఆపి, "యాడీ," అని తల్లిని పిలిచాడు. ఐదో రోజు పొద్దున పోయాడు.

పెళ్లికాని వాడు గనుక కాల్చకుండా, తండా బయట పాతిపెట్టారు. కాటయ్య దూరంగా నిలబడి చూశాడు. దేవ్‌సింగ్ అనే తండా పెద్ద వచ్చి, "ఇగ నువ్వు మా దిక్కు రాకు," అన్నాడు. ఆ మాటలో కోపం కన్నా అలసటే ఎక్కువ ఉంది.

ఇంటికి వచ్చి వెదురు బద్దలన్నీ పొయ్యిలో పెట్టాడు. నెల రోజులు ఎవరొచ్చినా తలుపు తీయలేదు. అప్పుడు డాక్టరు దగ్గర నుంచి పిలుపు వచ్చింది.

"రోజుకు నలభై మంది రోగులకు నేనొక్కణ్ని, ఆ పద్మమ్మ ఒక్కతె," అన్నాడు శేషగిరి. "నీ చేతులు నాకు కావాలి కాటయ్యా."

"ఈ చేతులా సారూ?"

"ఆ చేతులే. ఇంట్లో కూర్చుంటే అవి బాగుపడతాయా?"

కాటయ్య వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో ఆయనకే సరిగా తెలియదు. హేమ్లా పడుకున్న ఆ మంచం ఉన్న చోట ఉండాలనిపించిందేమో.

డాక్టరు కట్టి పోయాక కాటయ్య పని మొదలయ్యేది. కట్టు కింద వేలి గోరు నొక్కి వదిలితే, ఎర్రదనం తిరిగి రావాలి. వేళ్లు వెచ్చగా ఉండాలి. కదిలించగలగాలి. గంటగంటకూ ప్రతి మంచం దగ్గరికీ పోయి చూసేవాడు. రాత రాదు గనుక మంచం కాలికి ఒక పలక కట్టి, బాగుంటే సున్నపు చుక్క, అనుమానంగా ఉంటే గీత పెట్టేవాడు. గీత కనపడితే పద్మమ్మ పరుగున డాక్టరును పిలిచేది. కొన్నాళ్లకు ఆమె ఆ పలకల పద్ధతిని జ్వరాల మంచాలకూ, బాలింతల మంచాలకూ పెట్టింది. అడిగినవాళ్లకే మందు అందే దవాఖానలో, అడగలేనివాళ్లనూ పలకరించడం అలా మొదలైంది. నొప్పి అని ఎవరు మూలిగినా కాటయ్య ముందు కత్తెర అందుకునేవాడు. "నొప్పి అంటె నమ్మాలె," అనేవాడు.

కోదాడ నుంచి కుస్తీ పట్టేవాళ్లు జారిన భుజాలతో వచ్చేవారు. అనంతగిరి నుంచి చెడుగుడు ఆడే పిల్లలు మోకాళ్లు వాచి వచ్చేవారు. పోటీ ఎక్కడ పెట్టినా డాక్టరు కాటయ్యను బద్దలతో, దూదితో పంపేవాడు. ఆయన గీత బయట కూర్చునేవాడు గానీ ఆట చూసేవాడు కాదు. జనం కేకలు వేస్తే తల దించుకునేవాడు. ఊరూరా తనలాగే కట్లు కట్టే వాళ్లను వెతుక్కుని పోయి, హేమ్లా సంగతి పేరుతో సహా, దాచకుండా చెప్పేవాడు. కొందరు విన్నారు. మాడుగులపల్లిలో ఒకడు, "మనిషిని సంపి మాకు నేర్ప వచ్చినవా?" అని ముఖం మీదే అన్నాడు. కాటయ్య, "అవును, అందుకే వచ్చిన," అన్నాడు.

ఆ ఏడు చివర్లో, చలి మొదలయ్యాక, ఒక రోజు దవాఖాన ముందు బండి ఆగింది. అందులో రంగి చెల్లెలి కొడుకు బిచ్చా ఉన్నాడు. ఆటలోనే కాలు విరిగింది. పక్కన రంగి. ఆమెను చూడగానే కాటయ్య గోడ చాటుకు తప్పుకోబోయాడు.

"ఏడికి పోతవ్?" అంది ఆమె. ఏడెనిమిది నెలల తరువాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. "కట్టు. నేను ఈడనే కూసుంట."

డాక్టరు తల ఊపాడు. కాటయ్య దూది మందంగా పరిచి, వాపుకు చోటు వదిలి కట్టాడు. రంగి మంచం పట్టి మీద కూర్చుని ఆయన ప్రతి వేలినీ చూసింది. ఆ తరువాత ఆరు వారాల పాటు ఆయన గోరు నొక్కి చూడడానికి వచ్చినప్పుడల్లా, ఆమె కూడా వంగి చూసేది. రెండో రోజు బిచ్చా నొప్పి అన్నాడు. ఆమె నోరు తెరిచే లోపే కాటయ్య కట్టు కోసేశాడు. కాలు దక్కింది.

ఇంటికి పంపే రోజు పొద్దున బిచ్చా కర్ర సాయంతో బండి దాకా నడిచాడు. రంగి బండి ఎక్కలేదు. కాటయ్య దగ్గరికి వచ్చి, నేల చూస్తూ అడిగింది.

"నా కొడుకు కాలు ఏం జేసిన్రు?"

కాటయ్య దవాఖాన వెనక గోడ వైపు చెయ్యి చూపించాడు. "నేనే పాతిపెట్టిన. నా తలరుమాలుల సుట్టి. ఆ గోడ అవతల."

"తియ్యి. వాని పక్కన పెట్టాలె. కాలు లేకుంట ఎట్ల పంపిన్నో అని నాకు నిద్ర వస్తలేదు."

ఆయన గడ్డపార తెచ్చి తవ్వాడు. ఆమె పక్కనే నిలబడింది. లోతుకు పోయాక గడ్డపార పక్కన పెట్టి చేతులతో మట్టి తోడాడు. రుమాలు సగం మట్టిలో కలిసిపోయింది. ఒక్కొక్క ఎముకనూ తుడిచి, ఆమె పరిచిన తెల్లగుడ్డ మీద పెట్టాడు. చిన్న చిన్న వేళ్ల ఎముకలు కూడా ఒక్కటి పోకుండా వెతికి తీశాడు. ఆ వెతుకులాటలో ఆయన ఏడుస్తున్నాడని ఆయనకే తెలియదు.

అంతా అయ్యాక గుడ్డ నాలుగు కొసలూ దగ్గరికి తీసి ముడి వేయబోయాడు.

"ఆగు," అంది రంగి. "నేను గడ్త."

మోకాళ్ల మీద కూర్చుని తనే ముడి వేసుకుంది. మూట ఒళ్లో పెట్టుకుని బండి ఎక్కింది. బండి వేములపల్లి దారి పట్టింది. ఆమె వెనక్కి తిరగలేదు. కాటయ్య ఆ గుంత పూడ్చి, చేతులు కడుక్కుని, లోపల ఎవరో మూలుగుతుంటే అటు వెళ్లాడు.