మూఢంలో సాక్ష్యం

ఎస్తేర్‌కి దేవుడంటే భయం, అత్తంటే ఇంకొంచెం భయం, అన్నిటికంటే ఎక్కువ భయం మాత్రం ఆ నల్ల ఫోనంటేనే.

ఆ ఫోను ఆమె మొగుడు కృపానందానికి ఆఫీసువాళ్లు ఇచ్చింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉపేందర్ అనే ఆసామి పెళ్లి ఆల్బమ్‌ల కంపెనీ నడుపుతాడు. జిల్లాల్లోని ఫొటో స్టూడియోల వాళ్లు వేలకు వేలు ఫొటోలు నెట్‌లో పంపిస్తే, ఇక్కడి సర్వర్లు వాటిని కత్తిరించి, అతికించి, పెళ్లికూతురి మొహానికి రెండు పూతల తెలుపు పూసి, ఆల్బమ్ చేసి పెడతాయి. ముహూర్తాలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఏదో ఒక సర్వరు కుప్పకూలుతుంది. కూలగానే నల్ల ఫోను అంబులెన్సులా కూత పెడుతుంది. కృపానందం లేస్తాడు. అతనికంటే ముందు ఏడాదిన్నర కొడుకు జోయెల్ లేస్తాడు. మొగుడు సర్వరును లేపుతాడు, పెళ్లాం పిల్లాణ్ని పడుకోబెడుతుంది. సర్వరు లేచినంత సులువుగా జోయెల్ ఏనాడూ పడుకోలేదు.

ఆ ఫోను ఇల్లు విడవాలంటే ఒక్కటే దారి. పేటెంటు.

కృపానందం ఊరికే తిట్టుకుంటూ కూర్చునే మనిషి కాదు, ఒక ఉపాయం కనిపెట్టాడు. లోకమంతా ఏ సర్వరు దగ్గర పనులు తక్కువుంటే కొత్త పనిని దాని నెత్తిన వేస్తారు. కానీ పాస్‌పోర్టు ఫొటో ఒక పనే, మూడు రోజుల పెళ్లీ ఒక పనే. తక్కువ పనులున్న సర్వరే ఎక్కువ చస్తూ ఉండొచ్చు. అందుకని అతని ప్రోగ్రాము వచ్చిన పనిలోంచి చిటికెడు తీసి, ముందు అన్ని సర్వర్ల మీదా నడిపి చూస్తుంది. ఏది ఎంత వేడెక్కింది, ఏది ఎంత ఆయాసపడింది అని కొలిచి, ఆ తర్వాతే మిగతాది పంచుతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు.

ఉపేందర్‌కి ఇది తెగ నచ్చింది. "పేటెంట్ కంపెనీ పేరు మీద, కనిపెట్టినోడు అన్న కాడ నీ పేరు. అది రాంగనె నిన్ను కొత్త టీంల ఏస్తా. ఆ ఫోన్ సాయి కుమార్‌కిస్తా. వానికింక పెండ్లి గాలె, నిద్రతోని వానికేం పని?" అన్నాడు.

ఉపేందర్ తొడపాశం పెట్టి ఊయల ఊపే రకం. ఆ సంగతి ఎస్తేర్‌కి తెలుసు. అయినా నమ్మింది. నిద్రలేని మనిషి దేన్నైనా నమ్ముతుంది.

కాగితాలన్నీ సిద్ధమయ్యాక ఉపేందర్ పంచాంగం తెరిచాడు. పెళ్లిళ్ల మీద బతికేవాడు, అలవాటు పోతుందా! "మూఢం నడుస్తుంది. మూఢంల ఎవడన్న మంచి పని షురూ జేస్తడా? పోనియ్యి, పోయినంక వేద్దాం," అని దరఖాస్తు ఆపేశాడు.

సరిగ్గా ఆ మూఢంలోనే కృపానందం తల్లి దానమ్మకి తన మొక్కు గుర్తొచ్చింది. కొడుకు పని ఒక కొలిక్కి వస్తే, దేవుడు చేసిన మేలు గురించి సంఘంలో సాక్ష్యం చెప్పిస్తానని ఆమె దేవుడికి మాటిచ్చింది. ఆలస్యం చేస్తే దేవుడు ఊరుకుంటాడేమో గానీ దానమ్మ ఊరుకోదు. ఆ ఆదివారమే ఉప్పల్‌లోని చర్చిలో కొడుకు చేతికి మైకు ఇప్పించింది. కొత్తిమీర కట్ట బేరం చెయ్యడానికి కూడా నోరు పెగలని కృపానందం, మైకు దొరికేసరికి రెచ్చిపోయాడు. దేవుడు తనకు సర్వర్ల మర్మం ఎలా చూపించాడో మొదలుపెట్టి, ప్రోగ్రాము పొట్ట విప్పి చెప్పాడు.

అప్పటికి జోయెల్ ఇంకా పొత్తిళ్ల పిల్లాడు. నాన్న అసలు సంగతిలోకి రాగానే వాడు రాగం అందుకున్నాడు. ఎస్తేర్ ఆడవాళ్ల వరసలో నడిమధ్య ఇరుక్కుని ఉంది. ముందు వరసలోంచి దానమ్మ వెనక్కి తిరిగి "బయటికి తీస్కపో" అని కళ్లతోనే ఉరిమింది. ఎస్తేర్ లేవబోతే పక్కావిడ చీర కొంగు కాలికింద పడింది. వాడు మాత్రం నాన్నకి పోటీగా మైకు లేకుండానే సాక్ష్యం పూర్తి చేశాడు.

"నా కొడుకు సాక్ష్యం జెప్తుంటే నీ కొడుకు ఆగమాగం జేసిండు," అని దానమ్మ ఆ మాటను నెలల తరబడి నమిలింది. నవ్వినప్పుడు జోయెల్ ఆమె మనవడు. ఏడ్చినప్పుడు ఎస్తేర్ కొడుకు.

చర్చి యూట్యూబ్ ఛానెల్లో ఆ సాక్ష్యం వీడియో "సర్వర్లను లోబరచుకున్న సహోదరుడు కృపానందం" అనే పేరుతో ఎక్కింది. మూఢం పోయింది. దరఖాస్తూ వెళ్లింది.

పేటెంటు ఆఫీసు నుంచి పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు, ఏజెంటు విజయశ్రీ నాగోల్ నుంచి ఫోన్ చేసింది. "అన్నా, మూడు అభ్యంతరాలు పెట్టిన్రు. ఉత్త సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ ఇయ్యం అంటున్నరు, అది అందరికీ పెట్టేదే. పాత పద్ధతి లెక్కనే ఉందంటున్నరు, అదీ నేను జూస్కుంట. మూడోది ఏందో యూట్యూబ్ లింకు. తెరిస్తే కీబోర్డు, తబలా వస్తున్నయి. మీరు ఏమన్న పాట గిట్ల పాడిన్రా?"

"పాట గాదు, సాక్ష్యం," అన్నాడు కృపానందం. దరఖాస్తు ఇవ్వకముందే నలుగురిలో చెప్పేస్తే అది ఇక కొత్తది కాదట, లోకానికి దానం చేసినట్టేనట. చెన్నైలో కూర్చున్న పేటెంటు అధికారి యూట్యూబ్‌లో ఊరికే కనిపెట్టినవాడి పేరు కొట్టి చూశాడు. సహోదరుడు ప్రత్యక్షమయ్యాడు.

"మూఢంల జేసిన పని గిట్లనే అయితది. నేను జెప్పలె?" అన్నాడు ఉపేందర్ ఫోన్‌లో.

"మూఢం లేదు గీఢం లేదు. ఆయన పంచాంగం పట్కొని కూసోకపోతే ఎప్పుడో అయిపోతుండె," అంది దానమ్మ, ఫోన్‌కి వినపడేటట్టు.

వీళ్లిద్దరి మధ్యా నల్ల ఫోను టీవీ మీద కూర్చుని ఛార్జింగ్ పెట్టుకుంటోంది. ఎస్తేర్‌కి అది నవ్వుతున్నట్టే అనిపించింది.

విజయశ్రీ ఒక దారి చెప్పింది. ఆ రోజు విన్నవాళ్లు "మాకు ఏమీ అర్థం కాలేదు" అని రాసిస్తే కొంచెం బలం. ఎస్తేర్ పిల్లాణ్ని చంకనేసుకుని, రైల్వేలో చేసి రిటైరైన సంఘ పెద్ద మొగిలయ్య ఇంటికి పోయింది.

"నాకు సమజ్ కాలేదని నేను సంతకం పెట్టాల్నా?" అని మొగిలయ్య కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు. "సిగ్నల్ కేబిన్ల పనిజేసినోన్ని బిడ్డా. అంతా సమజైంది."

"ఏం సమజైంది తాతా?"

మొగిలయ్య మళ్లీ కుర్చీలో వెనక్కి వాలాడు. "దేవుని కృప," అన్నాడు.

ఆ వీధిలో ఎవరిని అడిగినా అంతే. అర్థం కాలేదని ఒక్కరూ ఒప్పుకోలేదు. ఏం అర్థమైందో ఒక్కరూ చెప్పలేదు.

విచారణ వీడియో కాల్‌లో జరిగింది. ఆఫీసులో ప్రింటర్ల రొద కాబట్టి కృపానందం ఇంట్లోనే, ముందుగదిలో, ఇస్త్రీ చొక్కా కింద లుంగీతో కూర్చున్నాడు. విజయశ్రీ తన ఆఫీసులోంచి కలిసింది. ఎస్తేర్‌కి ఒకటే పని: అత్తనీ, పిల్లాణ్నీ లోపలిగదిలో ఆపడం. దానమ్మ మాత్రం పొద్దున్నే గంజిపెట్టిన చీర కట్టుకుని తయారుగా ఉంది.

మొదటి రెండు అభ్యంతరాలూ ఇంగ్లీషులో నడిచాయి. యంత్రాల వేడి తగ్గుతోందనీ, ఇది ఉత్త ప్రోగ్రాము కాదనీ విజయశ్రీ గుక్కతిప్పుకోకుండా వాదించింది. తర్వాత అధికారి వీడియో పెట్టాడు. పొత్తిళ్లనాటి జోయెల్ ఏడుపు ఇల్లంతా నిండింది. లోపలిగదిలో ఏడాదిన్నర జోయెల్ చెవులు నిక్కించి విని, తానూ శ్రుతి కలపబోయాడు. ఎస్తేర్ వాడి నోట్లో బిస్కెట్టు కుక్కింది.

అధికారిది నెల్లూరు యాస. "ఏవండీ, అసలు విషయం వచ్చేచోట నాకు ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు," అన్నాడు తెలుగులోకి దిగి.

"అదే కదా సార్! బయటపడ్డది ఏం లేదు," అంది విజయశ్రీ.

"వీడియోలో లేకపోవచ్చు. హాల్లో కూర్చున్నవాళ్లు విన్నారు కదా? కృపానందం గారూ, మీరు పద్ధతంతా చెప్పారా ఆ రోజు?"

ఎస్తేర్ తలుపు సందులోంచి మొగుడి వీపు వైపు చూసింది. చెప్పలేదను. ఒక్కసారి చెప్పలేదను, తర్వాత ఇద్దరం కలిసి ఉపవాసముందాం.

"చెప్పిననే అనుకుంటున్న సార్," అన్నాడు కృపానందం. "మైకు పట్టినంక నాకు సోయి లేదు."

"విన్నవాళ్లకి ఏం తెలిసిందన్నదే ప్రశ్న మరి. ఎవరైనా ఉంటే..."

"నేనున్న సార్!" దానమ్మ మంచం మీంచి లేచింది. "ముందు వరసల గూసున్న!"

ఎస్తేర్ ఆమె కొంగు పట్టుకుంది. "అత్తమ్మా, మీకు దండం బెడ్త, పోకండ్రి. మొత్తం పోతది."

"ఛల్ పిల్లా! కొడుకు జెప్పింది తల్లికి సమజ్ కాదా?"

కొంగుకున్న పిన్ను ఎస్తేర్ చేతిలో మిగిలింది. దానమ్మ కెమెరా ముందు మిగిలింది. ఇక అయిపోయింది అనుకుంది ఎస్తేర్. మెతుకు సంగతి కృపానందం ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడని! జోయెల్ బడికి పోతాడు, పెళ్లి చేసుకుంటాడు, వాడి పెళ్లి ఆల్బమ్‌కి కూడా ఈ ఫోను కూస్తుంది.

"మా గల్లీల పిండి గిర్ని ఉంది సార్," అని మొదలుపెట్టింది దానమ్మ. "రెండు మిషన్లుంటయి. ఏ మిషన్ కాడ డబ్బాలు తక్కువుంటే మన డబ్బా ఆడ పెట్టాలె. గంతే. అదే నా కొడుకు కనిపెట్టిండు. ఇంతకుముందు లోకంల ఎవ్వలికి తెల్వది."

"అమ్మా, అది కాదే..." అన్నాడు కృపానందం, మనసు విరిగి.

"అన్నా, మీరు జర ఊకోండ్రి!" అని విజయశ్రీ అరిచిన అరుపుకి స్పీకరు గరగరలాడింది.

అధికారి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇంకేమైనా చెప్పారామ్మా? కొంచెం ముందు నడిపి చూడటం, అలాంటిదేదైనా?"

"గట్లాంటియి ఏం లెవ్వు సార్. నడుమ అన్నం ముచ్చటేదో తీసిండు. అప్పుడు నేను ఈ పిల్ల దిక్కు జూస్తున్న, పిలగాన్ని బయటికి తీస్కపొమ్మని. అందరం అటే జూసినం. గంత ఏడుపు!"

"మీరు చెప్పింది పాత పద్ధతేనమ్మా. అది అందరికీ తెలుసనే మా రిపోర్టులో రాశాను."

దానమ్మ కోడలి వైపు గర్వంగా తిరిగింది. "సూసినవా? సార్ గూడ రాసిండట."

పేటెంటు వచ్చింది. విన్నవాళ్లకి తెలిసింది పాత పద్ధతే కాబట్టి మూడో అభ్యంతరం నిలవదని తీర్పులో ఉందట. తన మాటతోనే వచ్చిందని దానమ్మ గల్లీ అంతా చెప్పుకుంది. అది నిజమే కాబట్టి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఉపేందర్ మళ్లీ పంచాంగం చూసి, మంచి రోజున నల్ల ఫోనును సాయి కుమార్‌కి అప్పగించాడు. జోయెల్ తెల్లారిందాకా పడుకోవడం నేర్చుకున్నాడు. ఎస్తేరే కొన్నాళ్లు ఉలిక్కిపడి లేచి, కూత వినపడక, పిల్లాడి ముక్కు దగ్గర వేలుపెట్టి చూసి పడుకునేది.

కృతజ్ఞత చెప్పకుండా ఉండనిస్తుందా దానమ్మ? ఆ ఆదివారం మళ్లీ ఉప్పల్ చర్చి, మళ్లీ మైకు. ఎస్తేర్ అదే వరసలో కూర్చుంది. జోయెల్ ఒళ్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. సాక్ష్యం బాగానే సాగింది. ఎస్తేర్ కూడా ఒకసారి కళ్లు తుడుచుకుంది.

"దేవుడు ఈమధ్యనే ఇంకో ఆలోచన గూడ ఇచ్చిండు," అన్నాడు కృపానందం, మైకు రెండు చేతులా పట్టుకుని. "శూన్యమాసం అయిపోంగనె దరఖాస్తు పెడ్దమని మా సార్ అంటుండు. అది ఎట్ల పనిజేస్తదంటే..."

కెమెరా మీద ఎర్రలైటు వెలుగుతోంది. ముందు వరసలో దానమ్మ తలాడిస్తోంది. కొత్త పేటెంటు పోతే ఉపేందర్ ఏ ఫోను ఎవరి చేతిలో పెడతాడో ఎవరు చూడొచ్చారు?

ఎస్తేర్ ఇటూ అటూ చూసింది. "యేసయ్యా, క్షమించు," అనుకుంది. చీర కొంగు చాటున కొడుకు తొడ మీద, కండ ఎక్కువున్నచోట చూసి, గట్టిగా తొడపాశం పెట్టింది.

జోయెల్ కేక పైకప్పు రేకులకి తగిలింది. దానమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఎస్తేర్ ఈసారి బయటికి పోవాలని చూడలేదు. పిల్లాణ్ని భుజాన వేసుకుని, కెమెరాకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, "ఓ... ఓ..." అని నెమ్మదిగా ఊపసాగింది.

స్టేజీ మీద మొగుడి పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆయన ఆపగానే సంఘమంతా, ఒక్క ముక్క వినపడకపోయినా, "స్తోత్రం" అంది.