వింటర్‌బాటమ్ వాళ్ళ లోయ

హెస్టర్ తన ఇంటిపేరులో సగం కోసి పారేసి పదకొండేళ్ళయింది.

పుట్టినప్పటి పేరు హెస్టర్ వింటర్‌బాటమ్. వింటర్ అంటే చలికాలమని అందరికీ తెలుసు. బాటమ్ అంటే మాత్రం ఈ కాలం వాళ్ళకు తట్టేది ఒక్కటే, కూర్చునే భాగం. బళ్ళో పిల్లలు "చలి పిర్రలూ, చలి పిర్రలూ, పొయ్యి దగ్గర కూర్చోవే!" అని పాట కట్టి పాడేవాళ్ళు. పెద్దయి ఓల్డమ్ పట్నంలో కళ్ళద్దాల కొట్లో ఉద్యోగానికి చేరాక కూడా ఆ గోల వదల్లేదు. ఫోన్లో పేరు చెప్పగానే అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తరువాత ముక్కులోంచి చిన్న నవ్వు. ఆ క్షణాన్ని భరించలేక ఇరవై అయిదో ఏట కాగితాలు పెట్టుకుని ఉత్త హెస్టర్ వింటర్ అయింది.

ఆ సంగతి చెబితే పెద్దనాన్న విల్ఫ్ కోప్పడలేదు. గొర్రె డెక్కలో ఇరుక్కున్న రాయిని చాకుతో తీస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఏం బేరం చేశావే పిల్లా! లోయనేమో పారేశావు, చలిని మాత్రం ఉంచుకున్నావు."

"లోయ ఏంటి పెద్దనాన్నా?"

"మన పాత మాటలో బాటమ్ అంటే లోయ అడుగు. మా తాత చెప్పేవాడు."

"ఏ లోయ?"

"ఏమో. ఆయనకీ తెలీదు."

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. విల్ఫ్ ఎప్పుడూ అంతే, నోట్లోంచి పది మాటలు వస్తే ఆ రోజు పండగ కింద లెక్క. హెస్టర్ తండ్రి చిన్నప్పుడే పోతే, ఈ పెళ్ళి కాని పెద్దనాన్నే ఆమెను పెంచాడు. పెన్నైన్ కొండల్లో హార్‌క్లఫ్ అనే ఊరి చివర, కొండ కిందే ఆయన రాతి ఇల్లు.

ఈ ఏడు ఫిబ్రవరిలో విల్ఫ్ పెరటి గోడ దాటబోయి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎనభై మూడేళ్ళ మనిషి. ఆపరేషన్ అయ్యాక వంటింట్లో పొయ్యి పక్కనే మంచం వేశారు. కొండ మీద నలభై ఒక్క గొర్రెలు, అన్నీ చూలుతో ఉన్నవే. హెస్టర్ కొట్లో సెలవు పెట్టి, మూట సర్దుకుని వచ్చేసింది.

పని అలవాటు తప్పిన చేతులు మొదటి వారం బొబ్బలెక్కాయి. రెండో వారానికి మెగ్ అనే నల్లకుక్క ఆమె ఈల వినడం మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు పెద్దనాన్న నిద్రపోయినప్పుడు ఏమీ తోచక ఊళ్ళోకి నడిచేది. అలా ఒకరోజు ప్రార్థన మందిరం వెనక స్మశానంలో తిరుగుతూ ఉంటే విచిత్రంగా అనిపించింది. మూడు సమాధి రాళ్ళకొకటి వింటర్‌బాటమ్. అటు చూస్తే ఏబెల్ వింటర్‌బాటమ్, ఇటు చూస్తే సారా వింటర్‌బాటమ్, నాచు పట్టి అక్షరాలు చెరిగిన చోట కూడా చివర ఆ 'బాటమ్' ఒక్కటి మిగిలి కనబడేది. బతికున్నవాళ్ళలో ఊరంతా వెతికినా ఆ పేరు పెట్టుకున్నవాడు విల్ఫ్ ఒక్కడే.

గ్రంథాలయంలో పాత రికార్డులు చూసే డోర్కాస్ రిగ్లీ అనే ఆవిడ ఆ మాట విని నవ్వింది.

"ఒకప్పుడు ఈ లోయలో మీ పేరు పెట్టి పిలిస్తే వీధికి వీధి బయటికొచ్చేదమ్మా. అందుకే ఇంటిపేరుతో పనే జరిగేది కాదు. నెడ్ గారి జో కొడుకు జాక్, బొల్లి మేరీ మనవడు టామ్, అలా పిలుచుకునేవాళ్ళు. పోస్టుమాన్‌కి ఉత్తరం మీద ఆ ముక్క లేకపోతే గతి లేదు. తర్వాత మిల్లులు రమ్మన్నాయి, మాంచెస్టర్ రమ్మంది, పోయారు. ఇప్పుడు దేశం మొత్తం మీద కొద్ది వేలమందే ఉంటారేమో. అందులోనూ ఎక్కువమంది ఈ కొండలకి ఓ పూట ప్రయాణం దూరంలోనే."

"పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"చలికాలపు లోయలోంచి. ఎక్కడో ఒక చోటికి ఆ పేరు ఉండేది, అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళకి అది అంటుకుంది. ఊళ్ళోనే ఉన్నవాడికి ఊరి పేరు ఎవరు పెడతారు? వదిలేసి పోయినవాడికే పెడతారు."

"అంటే ఎండ పడని చల్లటి చోటా?"

"కొందరు అలాగే అంటారు. కొందరేమో చలికాలంలో మందల్ని దించుకునే లోయ అంటారు. ఏ చోటో తెలిస్తే కదా తేల్చడానికి!"

హెస్టర్ మనసులో మొదటి అర్థమే నిలిచింది. ఎండ పొడ పడని తడి గుంట, రెల్లు, బురద. అలాంటి చోటి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళే అయ్యుంటారు మా వాళ్ళు, అనుకుంది.

మార్చి మొదటి వారంలో తూర్పుగాలి లేచింది. రెండు రోజులు ఊపిరి తీసుకోకుండా వీచింది. మంచు పైనుంచి పడుతున్నట్టు లేదు, ఒక కొండ మీద నుంచి లేచి అడ్డంగా ఇంకో కొండకు పోతున్నట్టుంది. తలుపు తీస్తే పెరటి గోడ కనబడేది కాదు. విల్ఫ్ మంచం మీద వెల్లకిలా పడుకుని, గాలి చప్పుడు వింటూ, పెదవులు కదిలిస్తూ ఉండేవాడు. ప్రార్థనో, గొర్రెల లెక్కో హెస్టర్‌కు తెలియలేదు.

మూడో పొద్దున గాలి పడిపోయింది. ఆ నిశ్శబ్దానికి ఇద్దరికీ మెలకువ వచ్చింది.

"గోడల వెంబడి చూడు," అన్నాడు విల్ఫ్. "గాలికి దాక్కోడానికి గోడ చాటుకి చేరతాయి. అక్కడే మంచు కప్పేస్తుంది. పొడుగు కర్ర తీసుకో. గుచ్చి చూడు. మెత్తగా తగిలితే తవ్వు."

"తవ్వితే బతికే ఉంటాయా?"

"కొన్ని ఉంటాయి. వెళ్ళు తల్లీ," అన్నాడు. ఆయన నోట తల్లీ అన్న మాట ఆమె అంతకు ముందు వినలేదు.

కొండెక్కితే లోకమంతా ఒకటే తెలుపు. ఆకాశమెక్కడ ఆగిందో నేలెక్కడ మొదలైందో తెలియదు. తన అడుగుల చప్పుడు తనకే ఎవరో వెనక నడుస్తున్నట్టు వినబడింది. హెస్టర్ గోడ వెంట నడుస్తూ పది అడుగులకోసారి కర్ర గుచ్చింది. ఎక్కడా మెత్తగా తగల్లేదు. మెగ్ ముక్కు మంచులో పెట్టి, తుమ్మి, ముందుకు పోయేది. అలా గంట గడిచింది. రెండు గడిచాయి. నలభై ఒక్క గొర్రెలు! ఒక్కటైనా కనబడదేం? మంచులో కరిగిపోయాయా? తిరిగి వెళ్ళి ఆ ముసలాయనకు ఏమని చెప్పాలి? ఆమెకు ఏడుపొచ్చింది. కన్నీళ్ళు బుగ్గల మీదే చల్లబడ్డాయి.

కొండ పైఅంచున తూర్పు గోడ ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట కొండలను పంచుకున్నప్పుడు కట్టిన గోడ అది, ఆరడుగుల ఎత్తు. అవతల భూమంతా వేటపక్షుల కోసం జమీందారులు ఉంచుకున్నది. ఇటువైపు వాళ్ళు అటు కాలు పెట్టకూడదు. విల్ఫ్ తన జన్మలో ఆ గోడ దాటలేదు, ఆయన తాతా దాటలేదు. హెస్టర్ అక్కడికి వచ్చి చూస్తే గోడ లేదు. మంచు దాని నెత్తి దాకా పేరుకుని, గట్టిపడి, ఇటు నుంచి అటు వాలుగా వంతెన కట్టినట్టుంది. ఆ వంతెన మీద, ఒకదాని వెనక ఒకటి, డెక్కల గుర్తులు.

మెగ్ ఆమె వైపు చూసింది. ఆమె మెగ్ వైపు చూసింది. ఇద్దరూ గోడ మీదుగా నడిచి అవతలకు దిగారు.

జాడ మెలికలు తిరుగుతూ పోయింది. ఎక్కడా తడబడలేదు, వెనక్కి మళ్ళలేదు. తెలిసిన బాటలో ఇంటికి పోతున్నవాళ్ళ నడకలా ఉంది. ఉన్నట్టుండి నేల రెండుగా విడిపోయింది. దూరం నుంచి చూస్తే కనబడని మడత, కొండ తన ఒళ్ళో దాచుకున్నట్టు. హెస్టర్ చేతులతో రాళ్ళు పట్టుకుని దిగింది. దిగేకొద్దీ మొహానికి తగిలే గాలి మెత్తబడింది. ముందు నీళ్ళ చప్పుడు వినబడింది. తరువాత పచ్చగడ్డి వాసన వచ్చింది.

కింద పచ్చిక ఉంది.

తల మీదికి వంగిన బండ తూర్పుగాలికి వీపు పెట్టి నిలబడింది. దక్షిణానికి తెరుచుకున్న లోయ అడుగున నేలలోంచి ఊట ఉబికి, గడ్డకట్టకుండా, సన్నటి ఆవిరి పైకి వదులుతూ పారుతోంది. దాని ఒడ్డున నీటి ఆకుకూర ఆకుపచ్చగా మెరుస్తోంది. గొర్రెలన్నీ అక్కడే ఉన్నాయి. కొన్ని మేస్తున్నాయి. చాలామటుకు కాళ్ళు ముడుచుకుని పడుకుని, కళ్ళు సగం మూసి నెమరు వేస్తున్నాయి. లెక్కపెట్టింది. నలభై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టింది. నలభై ఒకటే.

వాటి మధ్యనే, గడ్డిలో మునిగిపోయిన రాళ్ళ వరస గుండ్రంగా తిరిగి ఉంది. ఎప్పుడో ఎవరో కట్టిన దొడ్డి. హెస్టర్ ఆ రాళ్ళలో ఒకదాని మీద కూర్చుంది. వీపుకు పక్కనున్న ముసలి గొర్రె ఒళ్ళు వెచ్చగా తగిలింది, దాని ఊపిరి పైకీ కిందికీ ఆడుతుంటే తనూ దానితో పాటు ఆడుతున్నట్టనిపించింది. కళ్ళు మూతపడ్డాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. ఎవరో మంద వెనకాల కర్ర పట్టుకుని దిగుతున్నారు, బొంత కప్పుకున్న ఆడమనిషి ఊట దగ్గర వంగింది, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. మాటలు తెలియలేదు గానీ యాస మాత్రం విల్ఫ్‌దే. ఇక్కణ్ణుంచి దిగి ఊళ్ళోకి వెళ్ళినవాణ్ణి చూసి, "అదుగో, ఆ చలికాలం లోయవాడు," అని ఎవరో మొదటిసారి అని ఉంటారు. అన్నవాడికి అందులో నవ్వేమీ తోచి ఉండదు.

ఇదే ఆ చోటని రుజువేమీ లేదు. హెస్టర్‌కు ఆ సంగతి తెలుసు. అయినా పెదవులు విప్పి, పదకొండేళ్ళుగా పలకని పేరు మొత్తం పైకి పలికింది. ముసలి గొర్రె ఒక చెవి ఆడించింది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. విల్ఫ్ తలుపు వైపే చూస్తున్నాడు.

"అన్నీ ఉన్నాయి పెద్దనాన్నా. ఒక్కటి కూడా పోలేదు."

"ఎక్కడ?" అన్నాడు విల్ఫ్.

చెప్పింది. ఊట దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"నీళ్ళు గడ్డకట్టలా?"

"కట్టలేదు."

"గడ్డి ఉందా?"

"మోకాలి దాకా లేదు గానీ, ఉంది. పచ్చగా ఉంది."

"ఈ గొర్రెలు గానీ, వీటి తల్లులు గానీ, వాటి తల్లులు గానీ ఆ గోడ దాటలేదే! వీటికెవరు చెప్పార్రా దేవుడా?" అన్నాడు పైకప్పు వైపు చూస్తూ. "మనకంటే గొర్రెలు నయం పిల్లా. మనం బళ్ళో చదివి మర్చిపోయాం," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఆ కథ మూడుసార్లు చెప్పించుకున్నాడు. ప్రతిసారీ ఊట దగ్గర ఆపి అవే ప్రశ్నలు వేశాడు.

మంచు ఆరు రోజులుంది. గోడ మీది వంతెన కరగక ముందే మందను వెనక్కి తోలాలి. ఏడో నాటికి కొండ కొస నల్లగా బయటపడుతుంటే హెస్టర్, మెగ్ కలిసి తోలారు. ముసలి గొర్రె ఒక్కటి మొండికేసి ఊట దగ్గర నిలబడిపోయింది. దాన్ని భుజాన వేసుకుని, బూతులు తిడుతూ మోసుకొచ్చింది. వెనక్కి చూసేసరికి గోడ రాళ్ళు అప్పుడే తలలెత్తుతున్నాయి.

ఆ వారమే అవతలి భూమి కాపలాదారు గిల్‌రాయ్ ఇంటికి వచ్చాడు. డెక్కల గుర్తులు చూశాడట. పోట్లాటకే వచ్చాడనుకుంది హెస్టర్. అతను మంచం పక్కన కూర్చుని, టీ తాగి, కథంతా విని, "ఇరవై రెండేళ్ళుగా తిరుగుతున్నాను, అక్కడ మీ చుట్టాలున్నారని నాకు ఎవరూ చెప్పలేదే!" అన్నాడు. దాంతో విల్ఫ్ పగలబడి నవ్వి, తుంటి నొప్పికి కెవ్వుమన్నాడు.

ఏప్రిల్లో గొర్రెలన్నీ ఈనాయి. పనులు తెమిలాక హెస్టర్ ఓల్డమ్ వెళ్ళి మళ్ళీ కాగితాలు పెట్టింది. వకీలు ఆఫీసులో గుమాస్తా పిల్ల రెండుసార్లు చదివి తలెత్తింది.

"అంటే... ఉన్నదానికి ఇది కలుపుకుంటారా? మామూలుగా తీసేయించుకోడానికే వస్తారండీ."

"నేనూ ఒకసారి అందుకే వచ్చాను," అంది హెస్టర్.

మే నెలలో, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాక, విల్ఫ్ ఒకటే నస పెట్టాడు. గిల్‌రాయ్ తన బండి తెచ్చి, అవతలి బాట మీదుగా లోయ మూతి దాకా తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని దింపారు. విల్ఫ్ దారంతా "నెమ్మది, నేనేం మూటనా?" అని విసుక్కుంటూనే దిగాడు.

దిగాక టోపీ తీసి చంకలో పెట్టుకుని బండను చూశాడు, దొడ్డి రాళ్ళను కర్రతో తట్టి చూశాడు. ఊట దగ్గర వంగబోతే హెస్టర్ దోసిట్లో నీళ్ళు పట్టి ఇచ్చింది. రెండు గుక్కలు తాగి, తడి చేతిని మొహానికి రాసుకున్నాడు. ఎండ బండకు తగిలి వెచ్చగా కిందికి జారుతోంది. ఎక్కడో పైన కొండ పిట్ట ఒకటి సాగదీసి కూస్తోంది.

"కాసేపు ఇక్కడే ఉంటాను," అన్నాడు విల్ఫ్.

కోటు మడిచి తల కింద పెట్టారు. ఆయన గడ్డిలో పక్కకు తిరిగి, మోకాళ్ళు కొంచెం ముడుచుకుని పడుకున్నాడు. క్షణాల్లో గురక వినబడింది. హెస్టర్, గిల్‌రాయ్ ఊటకు ఇవతల కూర్చుని గుసగుసగా మాట్లాడుకుంటూ, తెచ్చుకున్న రొట్టె, జున్ను తిన్నారు. లోయలో ఎండ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచి వెళ్ళే దాకా ఆయన్ని ఎవరూ లేపలేదు.