కాలర్ పట్టీ కింద నంబరు

నవనీత గచ్చిబౌలి దగ్గరి ఒక యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. ఆ చదువేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా బోధపడలేదు. అమ్మ చుట్టాలకు ‘పోలీసు డాక్టరు చదువు’ అని చెప్పేది. నాయిన నర్సింహది చందానగర్ మార్కెట్‌లో చెప్పుల దుకాణానికీ మందుల షాపుకీ నడుమ ఇరుక్కున్న టైలర్ కొట్టు. బిడ్డ చదువు గురించి ఎవరడిగినా ‘మంచిగ సదువుతుంది’ అని, తల వంచుకుని మళ్లీ మిషన్ తొక్కేవాడు.

కాలేజీలో నవనీత కూడా ఇంటి సంగతి అంత పొదుపుగానే చెప్పింది. క్లాసులో సగం మంది తల్లిదండ్రులు మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే. మీ నాన్న ఏం చేస్తారని మొదటి వారంలో ఎవరో అడిగితే, బట్టల వ్యాపారం అంది. అందులో అబద్ధమేమీ లేదని తనకు తానే సర్దిచెప్పుకుంది గానీ, ఆ మాట ఎక్కడో కలుక్కుమంటూనే ఉండేది.

రెండో ఏడు ప్రాజెక్టుకు కిరణ్మయి మేడమ్ ఒక్కొక్కరికీ ఒక్కో మూట ఇచ్చింది. ఎవరో తెలియకుండానే ఖననమైన మనుషుల బట్టలవి. కొత్త ఆనవాలేమైనా దొరుకుతుందేమో చూడమని పోలీసులు పంపారు. నవనీతకు వచ్చిన మూటలో ఒక గళ్ల చొక్కా, ఒక ప్యాంటు, ఒక తువ్వాలు ఉన్నాయి. రెండేళ్ల కిందట శ్రావణంలో, గచ్చిబౌలి బస్టాపులో యాభై ఏళ్ల మనిషి కూలబడిపోయాడు. దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. గుండె ఆగిందని పోస్టుమార్టం చెప్పింది. ఒంటి మీద ఫోను లేదు, కార్డు లేదు. వారాల తరబడి ఎవరూ రాకపోతే మున్సిపాలిటీ వాళ్లు పూడ్చేశారు. పరీక్ష కోసమని ఒక పన్ను మాత్రం దాచి ఉంచారు.

నవనీత నాలుగు రోజులు మైక్రోస్కోపు వదల్లేదు. నూలు ఏ రకమో, అంగుళానికి ఎన్ని పోగులో, మోచేతి దగ్గరి మరక సిమెంటుదేనా కాదా, అన్నీ ఎనిమిది పేజీల్లో రాసి ఇచ్చింది. మేడమ్ ఓపిగ్గా చదివి కాగితాలు పక్కన పెట్టింది.

“పని శ్రద్ధగా చేశావు. కానీ ఈయన ఎవరో కనుక్కోవడానికి ఇందులో ఏది పనికొస్తుందో నువ్వే చెప్పు.”

నవనీత మళ్లీ చొక్కా మెడ తిప్పి చూసింది. దుకాణం పేరున్న లేబుల్ ఎప్పుడో ఊడిపోయింది. మెడ దగ్గర సూది రంధ్రాలు మాత్రం మిగిలాయి.

ఆదివారం నాయినకు అన్నం డబ్బా తీసుకెళ్లినప్పుడు ఊరికే అడిగినట్టు అడిగింది, లేబుల్ లేని చొక్కా ఎవరు కుట్టారో చెప్పగలవా అని. ఎందుకని నర్సింహ అడగలేదు. సూదిలో దారం ఎక్కిస్తూనే అన్నాడు.

“ఎవని చెయ్యి వానిదే బిడ్డా. చూస్తే ఎరుకైతది. చూడకుంట ఎట్ల చెప్త?”

చొక్కా ల్యాబ్ దాటి బయటికి రాకూడదు. నాయినే ల్యాబ్‌కు రావాలి. దానికి ముందు తను నోరు తెరిచి ఒక మాట చెప్పాలి. సోమవారం పొద్దున మేడమ్ గదిలో నిలబడి, మా నాయిన టైలర్ అనీ, ముప్పై ఏళ్ల నుంచి అదే పని అనీ, ఆయనకు ఒకసారి ఆ చొక్కా చూపించమనీ ఒక్క ఊపులో చెప్పేసింది. మేడమ్ ఆశ్చర్యపడలేదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదనీ అడగలేదు. వెంటనే పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసింది. అనుమతి రావడానికి నాలుగు రోజులు పట్టింది.

నర్సింహ పనిరోజున కొట్టు మూసి రావడం నవనీత ఎరిగినంతలో అదే మొదటిసారి. ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని, గేటు దగ్గర రిజిస్టర్లో నెమ్మదిగా పేరు రాసి వచ్చాడు. వరండాలో ఉన్న స్నేహితులకు నవనీత ‘మా నాయిన’ అని పరిచయం చేసింది. చూపించబోయేది చనిపోయినాయన చొక్కా అని లోపలికి వెళ్లే ముందే చెప్పింది. ఆయన ఆ బల్ల ముందు ఒక్క క్షణం చేతులు జోడించి, ఆ తర్వాతే దగ్గరికి వెళ్లాడు. ఉత్త చేతులతో ముట్టుకోవచ్చా అని అడిగాడు.

“గ్లోవ్స్ తప్పవండీ, ఏమనుకోకండి,” అంది మేడమ్.

చొక్కా ముందువైపు ఆయన చూడనే లేదు. లోపలికి తిప్పి, కుట్టు వెంట వేలు పోనిచ్చాడు. జేబు మూల దగ్గర వేలు ఆగింది.

“గీడ చూడుండ్రి. అందరు త్రికోణం కొట్టి ఇడుస్తరు. గీ త్రికోణం లోపట ఇంకో కుట్టుంది. గిట్ల కొట్టుడు సదాశివపేటల గౌస్ ఉస్తాద్ నేర్పిండు. నేను గూడ ఆడనే నేర్చుకున్న. నేను గూడ గిట్లనే కొడ్త.”

అయితే ఉస్తాద్ దగ్గర పని నేర్చినవాళ్లు ఐదారుగురున్నారనీ, ఇది ఎవరి చెయ్యో ఒట్టేసి చెప్పలేననీ కూడా అన్నాడు. కాలర్ పట్టీ విప్పితే తెలియొచ్చట. ముక్కలు కలిసిపోకుండా ఉస్తాద్ కొలతల పుస్తకంలోని నంబరును లోపల పెన్నుతో వేసేవాడు. మేడమ్ మళ్లీ స్టేషన్‌కు ఫోన్ చేసి, నాలుగు వైపులా ఫొటోలు తీయించి, విప్పే పని ఆయన చేతికే ఇచ్చింది. బ్లేడు మొనతో ఏడు కుట్లు విప్పాడు. బట్ట పోగు కూడా కదల్లేదు. లోపల వెలిసిపోయిన నీలి సిరాతో 212 అని ఉంది. పక్కన ఉర్దూలో ఒక్క అక్షరం.

“ఉస్తాద్ చెయ్యే. గిది ఆయన పేరుల మొదటి అక్షరం,” అన్నాడు నర్సింహ. తర్వాత లోపలి జేబు చూపించాడు. దారం వేరు, కుట్టు వంకర. “ఇది మిషన్ది కాదు. ఇంట్ల ఆడమనిషి కుట్టింది. ఆమె ఎక్కడ ఎదురు చూస్తుందో ఏమో.”

నవనీత తన ఎనిమిది పేజీల్లో ఆ జేబు గురించి ‘చేతికుట్టు, నల్ల దారం’ అని ఒక్క ముక్క రాసింది.

ఎస్సై వెంట నవనీత, నర్సింహ, మేడమ్ సదాశివపేట వెళ్లారు. ఉస్తాద్‌కు చూపు మందగించింది, కొడుకు దుకాణం చూసుకుంటున్నాడు. నర్సింహ గొంతు విని ముసలాయన చెయ్యి చాపి, శిష్యుడి తల నిమిరాడు. అటక మీది సంచిలోంచి పాత కొలతల పుస్తకాలు దించారు. ఏ పుస్తకానికి ఆ పుస్తకం నంబర్లు ఒకటి నుంచే మొదలు కాబట్టి 212 మూడు పుస్తకాల్లో ఉంది. మూడోదాంట్లో ఆ పేజీకి గుండుసూదితో గుచ్చిన గళ్ల గుడ్డముక్క కనబడింది. పక్కన పేరు రాజయ్య, కింద ఊరి పేరు.

రాజయ్య తాపీమేస్త్రీ. పనికోసం నగరానికి వచ్చి మళ్లీ ఇంటికి చేరలేదు. భార్య భాగ్యమ్మ తమ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది గానీ, ఆ కాగితమూ గచ్చిబౌలి కేసు కాగితమూ ఎక్కడా కలుసుకోలేదు. డీఎన్ఏ పరీక్షకు రాజయ్య కొడుకు రక్తం ఇచ్చాడు. నలభై రోజులకు పన్నుతో సరిపోయిందని ఫలితం వచ్చింది.

సంతకాలకు ల్యాబ్‌కు వచ్చిన భాగ్యమ్మ, చొక్కా ఆనవాలు పట్టినవాళ్లను చూస్తానంది. ఆమె ముందు ఏం మాట్లాడాలో నవనీత రాత్రే అనుకుని పెట్టుకుంది. అవేవీ అవసరపడలేదు. భాగ్యమ్మ లోపలి జేబు మీద చెయ్యి పెట్టి, ఇది నేనే కుట్టిన అంది. చెయ్యి తియ్యకుండానే అడిగింది.

“ఆయన పోయింది ఏ దినం బిడ్డా? రెండేండ్ల సంది దీపం ఎన్నడు పెట్టాలెనో ఎరుక లేక ఊకున్న.”

నవనీతకు ఫైలు కంఠతా వచ్చు. నాగుల పంచమి రోజు, పొద్దున పదింటికి అని చెప్పింది. ఆ పొద్దున తను పుట్ట దగ్గర పాలు పోస్తూ ఆయన చల్లగుండాలని మొక్కానని భాగ్యమ్మ మెల్లగా చెప్పుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఒక్కడే ఉండెనా అప్పుడు?”

“లేదమ్మా. ఒక ఆటో ఆయన నీళ్లు తాగించి, తన బండిలోనే దవాఖానకు తీసుకపోయిండు. టీ కొట్టామె పక్కన కూసొని, తల ఒళ్లో పెట్టుకుంది. స్టేషన్ల వాళ్లిద్దరు చెప్పింది నేను చదివిన.”

అప్పుడు ఏడ్చింది భాగ్యమ్మ. నర్సింహ బల్ల అవతలి నుంచి లేచి వచ్చి, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఏడుపు తగ్గాక, ఆ ఇద్దరూ ఎక్కడుంటారని ఆమె అడిగింది.

ఎస్సై సాయంతో నవనీత వాళ్లను వెతికింది. ఆటో ఆయన పేరు వేణు. టీ కొట్టు సంధ్యమ్మ ఇప్పటికీ ఆ బస్టాపు దగ్గరే ఉంది. ఈ ఏడు నాగుల పంచమికి రాజయ్య దినం చేశారు. నవనీత, నర్సింహ, కిరణ్మయి మేడమ్ ఒకే బండిలో భాగ్యమ్మ ఊరు వెళ్లారు. వాకిట్లో చాపలు పరిచి, అన్నం వడ్డించే వేళకు అందరికంటే ముందు వేణుకూ సంధ్యమ్మకూ ఆకులు వేసింది భాగ్యమ్మ. పప్పులో నెయ్యి పోస్తూ, ఆ పొద్దున ఆయన ఏమన్నా మాట్లాడాడా అని అడుగుతోంది. సంధ్యమ్మ ముద్ద కలపడం ఆపి, గుర్తున్నదంతా చెప్పడం మొదలుపెట్టింది.