పద్నాలుగో బిళ్ళ

ఉల్లిపాయల మూట దగ్గర మొదలైంది గొడవ.

సుపేలా బజారులో గంటసేపు బేరమాడి తెచ్చిన పది కిలోల మూటని మణిమాల పెరటి గుమ్మం పక్కన పెట్టింది. ఆఫీసుకి తయారవుతున్న కోడలు ప్రసూన, కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో దాన్ని హాల్లోకి ఈడ్చింది. మణిమాల మళ్ళీ గుమ్మం దగ్గరికి చేర్చింది. ప్రసూన మళ్ళీ ఈడ్చింది.

“ఏటమ్మా ఇది? నా ఉల్లిపాయలు నీకేటి అడ్డొచ్చాయి?”

“నాక్కాదు అత్తయ్యా, గుమ్మానికి అడ్డొచ్చాయి. ఇంటికి ఉన్న రెండో దారి అదొక్కటే.”

“రెండో దారట! స్మృతి నగర్‌లో ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. గిన్నెలు తోముకోవడానికి నేను తప్ప ఆ దారిన వెళ్ళినవాడు లేడు. హాల్లో గాలి తగలక మొలకలొస్తే నువ్వు తింటావా?”

లోపల్నించి శ్రీవిద్య గొంతు వినిపించింది. ఆ పిల్లకి పదిహేడేళ్ళు. తెలుగులో మొదలుపెట్టిన మాటని హిందీలో ముగించడం అలవాటు. “నానమ్మా, ఫైర్ ఎగ్జిట్‌లో ప్యాజ్ పెడతావా? మమ్మీ చలాన్ కాట్ దేగీ!”

మణిమాలకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. “మీ అమ్మ ఆఫీసు ఇంట్లోకి తెచ్చింది. ఇంక మనమందరం మెడలో కార్డులేసుకుని తిరగాలి.”

“హాల్లోనే ఉండనీ అమ్మా,” అన్నాడు రవిశంకర్ బూట్ల లేసులు కట్టుకుంటూ. “ఏడాది నించీ చూస్తున్నావు కదా.”

ఏడాది అన్న మాట వినగానే మణిమాల మూట వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సుపేలా మెయిన్ రోడ్డు మీద ఒక అయిదంతస్తుల భవనానికి ప్రసూన ఫెసిలిటీ మేనేజరు. కింద బట్టల షాపు, పైన కోచింగ్ సెంటరు, పళ్ళ డాక్టరు, ఇన్సూరెన్సు ఆఫీసు. లిఫ్టు ఆగినా, కుళాయి కారినా, తాళం పోయినా, దొంగ పడినా అందరూ వెతికేది ఆమెనే. ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె చేసిన మొదటి పని గేటు దగ్గర బిళ్ళల బోర్డు పెట్టించడం. ఆమె తండ్రి గోవిందరావు ఉక్కు ప్లాంటులో పనిచేసినన్నాళ్ళూ ఇంట్లో చెప్పిన మాట అది. మరమ్మతుకి యంత్రంలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ బోర్డుకి తగిలిస్తాడు. బిళ్ళ ఉన్నంతసేపూ మనిషి లోపల ఉన్నట్టు. ఎవడి బిళ్ళ వాడే తీయాలి. అన్నదమ్ములైనా సరే, ఒకడిది ఇంకొకడు ముట్టుకోకూడదు.

పంతొమ్మిదిమంది పనివాళ్ళకి పంతొమ్మిది బిళ్ళలు చేయించింది ప్రసూన. వచ్చినప్పుడు తగిలించాలి, వెళ్ళేటప్పుడు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళాలి. ప్రమాదం వస్తే బోర్డు ఊడదీసి బయటికి తెచ్చి, దాని మీదున్న నంబర్లు పిలవాలి.

కిందటేడాది మే నెలలో, ఒక మధ్యాహ్నం రెండున్నరకి సెల్లారులో మీటర్ల గది అంటుకుంది. పొగ మెట్లెక్కింది. షాపులవాళ్ళూ కోచింగు పిల్లలూ పరుగున దిగారు. ప్రసూన బోర్డు చంకన పెట్టుకుని ఎదుటి ఖాళీ స్థలంలో నిలబడి నంబర్లు పిలిచింది. బోర్డు మీద పద్దెనిమిది బిళ్ళలున్నాయి. పద్దెనిమిదిమందీ పలికారు. ఫైరింజన్‌తో వచ్చినాయన “లోపల మనుషులున్నారా?” అనడిగితే, “లేరు. అందరూ వచ్చేశారు,” అని రోడ్డంతా వినబడేలా చెప్పింది. వాళ్ళు సెల్లారు మీద పడ్డారు. పైకి ఎవరూ వెళ్ళలేదు.

పొగ తగ్గాక, పైన మేడ మీదికి తెరుచుకునే తలుపు దగ్గర గున్నమ్మ కనిపించింది. ఊడ్చి తుడిచే మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. తలుపుకి వీపానించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, ఊపిరి లేదు. మేడ మీది ఏసీల రాగి గొట్టాలు రెండుసార్లు దొంగలెత్తుకుపోయారని ఆ తలుపుకి తాళం వేయించింది ప్రసూనే. తాళంచెవి ఆమె చేతి గుత్తిలోనే ఉంది.

గున్నమ్మది పద్నాలుగో నంబరు. ఆమె బిళ్ళని రెండుగంటలకే ఆమె మేనల్లుడు అప్పలసూరి తీసేశాడు. గేటు దగ్గర గార్డు అతను. ఒకరి బిళ్ళ ఇంకొకరు తీయడం నిబంధనకి విరుద్ధమని రిపోర్టు రాశారు, అతన్ని పనిలోంచి తీసేశారు. ప్రసూన ఆ రిపోర్టు కింద సంతకం చేసింది. నాలుగు నిమిషాల్లో జనాన్ని దింపినందుకు ఓనరు ఆమెని మెచ్చుకున్నాడు.

రిపోర్టులో లేని సంగతి ఒకటుంది. ఆ ఎండల్లో గున్నమ్మ పని అయిపోయినా ఇంటికి వెళ్ళేది కాదు. క్యాంప్ వన్‌లో ఇంటిదాకా నడవాలంటే వడగాలికి తల పగిలిపోయేది. నాల్గో అంతస్తు చివర, స్టోరు గది పక్కన పాత చీర పరుచుకుని, నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ చుట్ట ఒకటి కాల్చి పడుకునేది. ప్రసూన చూసింది. ఒక్కసారి కాదు, ఆ నెలంతా చూస్తూనే ఉంది. చుట్ట వాసన పట్టనట్టు నటించి, “ఎండ దిగాక వెళ్ళు గున్నమ్మా,” అంది కూడా. అంత తెలిసిన మనిషి, ఆ రోజు బోర్డు చేతిలో ఉందని బోర్డునే చూసింది.

అప్పటినించీ మధ్యాహ్నం రెండయ్యేసరికి నాల్గో అంతస్తులో చుట్ట వాసన వస్తుంది. గోడలకి కొత్త రంగేశారు, రోజూ ఫినాయిలు పోస్తున్నారు. అయినా వస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గరి కాంపౌండరు ఏదో కాలుతోందంటే ప్రసూన మూడుసార్లు ఎలక్ట్రీషియన్ని పిలిపించి వైర్లన్నీ విప్పి చూపించింది. ఏమీ కాలడం లేదు.

ఇప్పుడు ఆ చావు మీద బయటి అధికారుల విచారణ. సోమవారం పదకొండు గంటలకి. శుక్రవారమే ఓనరు ఆఫీసు నుంచి గిరీష్ టైపు చేసిన కాగితం తెచ్చిచ్చాడు.

“ఒక్క లైను మేడమ్. ‘నాల్గో అంతస్తులో పనివారు విశ్రాంతి తీసుకుంటున్న విషయం నాకు తెలియదు.’ సంతకం పడేయండి. మీరూ క్షేమం, మేమూ క్షేమం. అప్పలసూరిది ఎలాగూ తేలిపోయిన వ్యవహారం.”

రేపిస్తానని ఆ కాగితం బ్యాగులో పెట్టుకుంది.

ఈ శనివారం పదకొండుకి భవనంలో డ్రిల్లు ఉంది. ఏడాదికోసారి తప్పదు. గంట మోగింది. జనం నవ్వుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ దిగారు. ప్రసూన ఎదుటి స్థలంలో బోర్డు పట్టుకుని హిందీలో నంబర్లు పిలిచింది. అక్కడ అందరికీ అర్థమయ్యేది అదే. పిలిచినవాళ్ళు “హాజిర్” అంటున్నారు. నలభై రోజుల కింద చేరిన గార్డు సతీష్‌కుమార్ పక్కన నిలబడి కాగితం మీద టిక్కులు కొట్టాడు.

“హో గయా మేడమ్. పంతొమ్మిది. అందరూ ఓకే.”

“పద్దెనిమిది.”

“పంతొమ్మిదండీ. చూడండి.”

పద్నాలుగు ఎదురుగా నీలం సిరాతో టిక్కు ఉంది.

“పద్నాలుగు నేను పిలవలేదు సతీష్. ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు.”

“పిలిచారు మేడమ్. తేరహ్, చౌదహ్ అన్నారు, అని కాస్త ఆగారు కూడా. వెనకనించి ఎవరో ముసలావిడ పలికింది. హాజిర్ అనలేదు, ‘ఉన్నానమ్మా’ అంది. పేరు అడుగుదామనుకునేలోపు మీరు పంద్రహ్ అనేశారు.”

ఆ పద్దెనిమిదిమందిలో ముసలావిడ లేదు. ప్రసూన తల తిప్పి చూసింది. పాతవాళ్ళందరూ నేల చూస్తున్నారు. ఎండ మాడ్చేస్తోంది. 

ఒంటిగంటకి స్కూటీ తీసి క్యాంప్ వన్‌కి పోనిచ్చింది. ఎందుకు వెళ్తోందో అడిగితే చెప్పలేకపోయేది. సన్నటి సందులో, రేకుల పంచ కింద, అప్పలసూరి నీళ్ళ బేసినులో సైకిలు ట్యూబు ముంచి గాలిబుడగలు చూస్తున్నాడు. ఏడాదిలో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు.

“మీరేటి మేడమ్‌గారూ, ఇంత ఎండలో! లూ గాలి కొట్టీగల్దు, కూకోండి.” తుండుతో స్టూలు తుడిచి వేశాడు. లోపల్నించి చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

ఆమె నీళ్ళు తాగింది. “సోమవారం ఏం చెప్తావు అప్పలసూరీ?”

“సెప్పడానికేటుందమ్మా? బిళ్ళ నానే తీసినాను. ఈ సేత్తోనే. ‘ఒరే, ఎండ దిగీదాకా మీద తొంగుంటాను, రెండు దాటినాక బిళ్ళుంటే కాంట్రాక్టరోడు మొరుగుతాడు, తీసీరా’ అనీది అత్త. రోజూ తీసి, సాయంత్రం ఇంటికాడ ఇచ్చీవోణ్ణి. ఆ పూట ఇవ్వడానికి మనిసి లేదు.”

జేబులోంచి బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పద్నాలుగు అంకె అరిగిపోయి మెరుస్తోంది.

ఏడాదిగా గొంతులో ఉన్న ప్రశ్న ప్రసూన అడిగేసింది. అడగడానికి కాస్త కోపం కూడా తెచ్చుకుంది. “అత్త పైన ఉందని నీకు తెలుసు. నేను అందరూ వచ్చేశారు అన్నప్పుడు పక్కనే ఉన్నావు. ఎందుకు అరవలేదు?”

అతను ట్యూబు మళ్ళీ నీళ్ళలో ముంచాడు.

“మీకు తెలుసు గదా అనుకున్నాను.”

“ఏం తెలుసు?”

“అత్త అక్కడ తొంగుంటాదని. ‘మేడమ్ నన్ను సూసింది రా, ఎండ దిగాకే ఎల్లమంది’ అని మురిసిపోయి సెప్పీది. తెలిసినోరు మీరు. మీరే అందరూ వొచ్చీసినారని అంత గట్టిగా అంటే, అత్తని కూడా దింపీసినారనుకున్నాను. జనంలో ఎక్కడో ఉంటాదని గోడవతల ఎతకడానికెల్లాను. అక్కడే తిరిగినాను, గంటసేపు.”

సందులో ఎవరో బకెట్టు ఈడ్చిన చప్పుడయింది.

“ఈ మాట రిపోర్టప్పుడు ఎందుకు చెప్పలేదు?”

“నా ఉజ్జోగం ఎలాగూ పోనాది. మీది కూడా ఎందుకమ్మా? అత్తకి మీరంటే పేణం.” బిళ్ళ మళ్ళీ జేబులో వేసుకున్నాడు. “అత్త కూతురు, భాగ్యరేఖ, రెండిల్లవతలే ఉంటాది. నా మొకం సూడ్డం మానీసింది. నువ్వే సంపినావంటాది. సోమారం అక్కడా అదే అంటాది. అననీండి.”

ప్రసూన లేచి నిలబడింది. నాకు తెలుసు అనడానికి అదే సమయం. అయినా ఆ మాట అనలేదు.  స్కూటీ తాళంచెవి వేళ్ళలో గుచ్చుకునేలా పట్టుకుని బయటికి నడిచింది.

అప్పలసూరి సందు మొగ వరకూ వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. “మేడమ్‌గారూ, ఒకటడుగుతాను, పిచ్చోడనుకోకండి. మద్దినం రెండయితే అత్త పిలుస్తాది. ‘ఒరే, తీసీసినావా?’ అని. సెవిలో సెప్పినట్టుంటాది. నాకొక్కడికేనా, మీకూ ఇనపడతాదా?”

ఆమె బండి స్టార్టు చేసింది. ఇంటికి చేరేదాకా వెనక సీటు మీద ఎవరో కూర్చున్నంత బరువు. మలుపుల దగ్గర బండి కొద్దిగా ఒరిగింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ కలిసి తినే పూట. మణిమాల పప్పులోకి కొత్తావకాయ తీసింది. బెండకాయ వేపుడు చేసింది. పొద్దుటినుంచి గిరీష్ ఆరుసార్లు ఫోను చేశాడు, ప్రసూన తీయలేదు.

“నాకు చేశాడు,” అన్నాడు రవిశంకర్ అన్నం కలుపుకుంటూ. “ఒక్క లైనుకి ఇంత ఆలోచనేమిటని అడుగుతున్నాడు.”

“ఆ ఒక్క లైనూ అబద్ధం.”

రవిశంకర్ చెయ్యి ఆగింది. ఏడాదిగా భర్తకి కూడా చెప్పని మాట ప్రసూన అప్పుడు చెప్పింది. పాత చీర, చుట్ట, ఎండ దిగాక వెళ్ళమనడం, నిన్న అప్పలసూరి అన్నది, అన్నీ వరసగా, కలిపిన పప్పన్నం ఎండిపోయేదాకా చెప్పింది.

మణిమాల గరిటె గిన్నెలో పెట్టేసింది. “ఆ కుర్రాడే నోరెత్తలేదు కదే. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?”

“కందకి దురద ఉంది అత్తయ్యా. ఏడాదిగా ఒక్కడే గోక్కుంటున్నాడు.”

“నీ మీద కేసు పెట్టొచ్చు,” అన్నాడు రవిశంకర్. కోపం లేదు ఆ గొంతులో, భయమే ఉంది.

“పెట్టొచ్చు.”

“జాబ్ పోతుందా మమ్మీ?”

“పోతుంది.”

శ్రీవిద్య కాసేపు కంచంలో వేలితో గీతలు గీసింది. తరవాత హిందీ కలపకుండా, చిన్నపిల్లలా అడిగింది. “ఆవిడ ఆ తలుపు దగ్గర ఎంతసేపు ఉంది?”

 గోడ గడియారంలో రెండు కావస్తోంది.

“గంట,” అంది ప్రసూన. “బతికి ఎంతసేపుందో నాకు తెలీదు. అది నన్నెవరూ అడగలేదు.”

చెంబులో నీళ్ళు గ్లాసులోకి ఒంపుకుని తాగింది. అప్పుడు ముగ్గురి వంకా చూసి, రోజూ గార్డులకి పని చెప్పే గొంతుతో చెప్పింది.

“రేపు పది గంటలకి క్యాంప్ వన్ వెళ్తాను. అప్పలసూరిని విచారణకి నా బండి మీదే తీసుకెళ్తాను. అతను మాట్లాడకముందే నేను మాట్లాడతాను. గున్నమ్మ పైన ఉంటుందని నాకు తెలుసు, తెలిసి కూడా ఎవరూ లేరన్నాను, మేడ తాళంచెవి నా చేతిలోనే ఉంది. ఈ మూడూ చెప్తాను. భాగ్యరేఖ అక్కడే ఉంటుంది. ఆ పిల్లకి వినబడేలా చెప్తాను.”