గూడబాతు పాటలో చివరి చరణం

"వదిలెయ్యమనేది ఒక్క చరణమే కదండీ దేవకుమారిగారూ. మిగతా పాటంతా మీరు కట్టినట్టే ఉంటుంది" అన్నారు బుల్లిరాజుగారు, మా వరండాలో కుర్చీలో కూర్చుని. పక్కన మధుబాబు తల వంచుకుని ఉన్నాడు. మా ఆయన సత్యవేదం గిటారు వాయించే రోజుల్లో డ్రమ్ములు కొట్టినవాడు మధుబాబే.

ఆ పాట పుట్టి నలభై ఏళ్లయిందని ఏలూరులో సభ పెడుతున్నారు. సభ పెట్టించేది బుల్లిరాజుగారు.

పాట పుట్టింది పెదపాడు దగ్గర వాళ్ల నాన్నగారి చేపల చెరువు గట్టు మీద. గూడబాతులు దిగి చేపల్ని తినకుండా రేకు డబ్బా కొట్టడం నా పని. ఆ మోత చాటున పక్షుల్ని పిలిచేదాన్ని.

*దిగవే గూడబాతా దిగవే,*
*కామందు చెరువులో దిగవే.*

చెయ్యి తరుముతుంటే నోరు పిలిచేది. గట్టు మీద ఆడవాళ్లం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. ఎవరో చేరవేశారు. పెద్దాయన నన్ను పనిలోంచి తీసేసి, చుట్టుపక్కల ఏ చెరువు మీదా పని దొరక్కుండా చేశారు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంటికి నడుస్తూ చివరి చరణం కట్టాను.

*చేప నీకు, పులుసు మాకు,*
*ముల్లు మాత్రం కామందుకు.*

మా ఆయన నా డబ్బా దెబ్బను గిటారు తీగల మీదికి ఎక్కించాడు. అది చర్చిలో క్రిస్మస్ పాటలకని కొన్న గిటారు. పాస్టరుగారు కోప్పడ్డారు. క్యాసెట్టు మాత్రం తాడేపల్లిగూడెం కాలేజీల దాకా వెళ్లింది. ఇప్పటికీ అక్కడి కుర్రాళ్లు జుట్టు విదిలించుకుంటూ వాయిస్తారు. రాక్ పాటంటే మనకిదేనంటారు. మా ఆయన పోయినా పాట పోలేదు.

"మా గట్టు మీద పుట్టిందంటే మా పాట కూడానండీ" అన్నారు బుల్లిరాజుగారు.

"అలాగైతే గట్టునే పాడమనండి."

మధుబాబు నవ్వు దాచుకోడానికి దగ్గాడు.

"పెద్దలంతా వస్తారండీ. వాళ్ల ముందు ముల్లు మాకు అని పాడితే ఏం బావుంటుంది చెప్పండి?"

"చేపలు అమ్మేవాళ్లకి ముల్లు కొత్తేంటండీ? చూసుకుని తినండి."

ఆయన లేచి వెళ్లిపోయారు. మధుబాబు ఆగాడు.

"వదినా, హాలు ఆయనది, స్పీకర్లు ఆయనవి. ఎలా పాడతాం?"

"నోరు మనదేగా మధూ. నా పని పోతే నాకు మిగిలింది ఆ చరణమే. అది కూడా ఆయనకే ఇచ్చెయ్యమంటావా?"



సభలో పాడింది మధుబాబు కూతురు స్టెల్లా. నన్ను స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. హాలు నిండింది. చివరి చరణం దగ్గరకొచ్చేసరికి స్టెల్లా వెనక్కి తిరిగి నన్ను చూసింది. "పాడమ్మా" అన్నాను. తను అటు తిరిగి నోరు తెరిచేలోగా ముందు వరుసలో బుల్లిరాజుగారు చెయ్యెత్తారు. ఎవరో వైరు పీకారు. గిటారు మూగబోయింది, మైకు చచ్చిపోయింది.

డ్రమ్ముకి కరెంటు అక్కర్లేదు. మధుబాబు ఆపలేదు, పైగా ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

నేను లేచి స్టేజీ అంచుకి నడిచి, స్టెల్లా పక్కన నిలబడ్డాను. ఇద్దరం గొంతు చించుకుని ఆ చరణం పాడాం. వెనక కూర్చున్నవాళ్ల దాకా వెళ్లిందో లేదో తెలియదు. బుల్లిరాజుగారికి మాత్రం ప్రతి మాటా వినబడింది. ఆయన లేవబోతుంటే మధుబాబు ఆ చరణం దరువు మళ్లీ ఎత్తుకున్నాడు.

మళ్లీ పాడాం.